బుల్లెట్టు బాగుపడకుండా కాపాడుకోవడం ఎలా?

ఈ సలహాలు కొత్త బండ్లవాళ్లకు పనికిరావు. వాళ్ల బండిలో తేడా వస్తే మీటరులో ఒక పసుపుపచ్చ దీపం వెలుగుతుంది. షోరూముకు పోతారు, అక్కడి కుర్రాడు ఏదో వైరు తగిలించి కారణం చెప్పేస్తాడు, బిల్లు కట్టి ఇంటికొస్తారు. అందులో చర్చ లేదు, స్నేహం లేదు. పదిమంది రోడ్డు పక్కన గుండ్రంగా నిలబడి ఇంజను వంక చూస్తూ తలలు గోక్కునే ఆనందం అసలే లేదు.

పోత ఇనుము ఇంజను బుల్లెట్టు ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను. 346 సీసీ, నాలుగు గేర్లు, కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు, హెడ్‌లైటు పైన ఊగిసలాడే యామీటరు ముల్లు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో ఇంగ్లండులోని రెడిచ్‌లో రూపు దిద్దుకుని, 1955లో మద్రాసు చేరి, తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో స్థిరపడి, 2010 ప్రాంతం దాకా పెద్దగా మారకుండా బతికిన యంత్రం. 18 గుర్రాల శక్తి అంటారు; అందులో కొన్ని గుర్రాలు ఎప్పుడూ సెలవులో ఉంటాయి. దాన్ని ఆరోగ్యంగా ఉంచడం పెద్ద విద్యేమీ కాదు, నెలకో ఆదివారం పొద్దున కేటాయిస్తే సరిపోతుంది. కానీ ఆరోగ్యంగా ఉంటే ఏం జరుగుతుందో ఆలోచించారా? సాఫీగా పోయే బండి కోసం హైవే మీద ఎవరూ ఆగరు. బాగున్న బండికి బంధువులుండరు.

కాబట్టి మీ బండీ, మీ గ్యాంగూ చిరకాలం కలిసి ఉండాలంటే ఈ కింది జాగ్రత్తలు తప్పనిసరి.

రోగం పేరు మీరే పెట్టండి

మెకానిక్కు దగ్గరికి వెళ్లి లక్షణాలు చెప్పడం అమాయకుల పని. "భాయ్, పొద్దున బాగానే స్టార్టవుతుంది, ఒక గంట నడిచాక ఆగిపోతుంది, కాసేపు ఆగి కొడితే మళ్లీ అందుకుంటుంది" అన్నారనుకోండి, అతను రెండు ప్రశ్నలడిగి, బండి మీద ఒక రౌండు వేసొచ్చి, అసలు సంగతి పట్టేస్తాడు. ఆ అవకాశం ఇవ్వకండి. బండి స్టాండు వేస్తూనే "కార్బొరేటరు పోయింది, మార్చెయ్" అనండి. గ్యాంగులో పెద్దన్న చెప్పాడని కూడా కలపండి. పాతికేళ్లుగా ఇదే ఇంజను విప్పుతున్న మనిషి మీ మొహం ఒకసారి, బండి వంక ఒకసారి చూసి "సరే సార్" అంటాడు. ఆ రెండు మాటల్లో అతని జీవితానుభవమంతా ఉంది, మీరు పట్టించుకోకండి. కార్బొరేటరు మారుతుంది, రోగం మారదు. వచ్చే ఆదివారం కాయిలు పేరు చెప్పొచ్చు.

ఏ సామాను ఎప్పుడు మార్చారో మాత్రం ఎక్కడా రాసుకోవద్దు. తేదీ, కిలోమీటర్లు, చేసిన పని ఒక చిన్న నోటుబుక్కులో రాసుకునే చాదస్తులు కొందరుంటారు. వాళ్లకు రెండు పేజీలు వెనక్కి తిప్పేసరికి కారణం దొరికిపోతుంది. ఇక రోడ్డు పక్కన మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుంది?

పొద్దున్నే ఆయిలు చూడండి

గ్యాంగులో ప్రతివాడూ మొదట ఇచ్చే సలహా ఇదే: "ఆయిలు చూసుకున్నావా తమ్ముడూ?" మంచి ప్రశ్న. దానికి తప్పు సమాధానం రాబట్టే పద్ధతి ఒకటుంది.

ఈ ఇంజనులో ఆయిలు ట్యాంకు విడిగా ఉండదు, క్రాంక్‌కేసులోనే ఒక అరగా ఉంటుంది. ఒక పంపు అక్కణ్నుంచి ఆయిలు తోడి ఇంజనుకు పంపుతుంది, రెండోది అడుగున చేరినదాన్ని లాగి మళ్లీ అరలో పోస్తుంది. బండి రాత్రంతా నిలబడితే, వయసు మీద పడిన పంపు సందుల్లోంచి ఆయిలు మెల్లగా జారి క్రాంకు కిందికి చేరుతుంది. అప్పుడు పుల్ల తీసి చూస్తే తక్కువ కనిపిస్తుంది. ఆయిలు ఎక్కడికీ పోలేదు, చోటు మారిందంతే. అందుకే తెలిసినవాళ్లు ఇంజనును కొన్ని నిమిషాలు నడిపి, ఆపి, ఆ తర్వాతే చూస్తారు.

మీరు మాత్రం పొద్దున్నే, బండి ముట్టకముందే చూడండి. వారం రోజులు నిలబడ్డ బండైతే మరీ మంచిది. పుల్ల చివర తడి తప్ప ఏమీ ఉండదు. కంగారుపడి అర లీటరు పోయండి, పక్కింటి అన్న ఇంకాస్త పొయ్యమంటే ఇంకాస్త. ఆ తర్వాత కిక్కు కొట్టండి. కింద దాగిన ఆయిలు తిరిగి అరలోకి వచ్చి, అక్కడ కొత్తాయిలు కాపురం పెట్టి ఉండటం చూసి, బ్రీదరు గొట్టం దారి పడుతుంది. చైను మీద, బూటు మీద, ఖర్మ బాగాలేకపోతే వెనక టైరు మీద. సైలెన్సర్లోంచి నీలంగా పొగ కూడా కాస్త వస్తుంది.

ఇక్కడితో మీ పని అయిపోయింది, మిగతాది గ్యాంగు చూసుకుంటుంది. పొగ చూసిన మొదటివాడు "రింగులు పోయాయి" అంటాడు. రెండోవాడు "రింగులొక్కటే కాదు బావా, బోరు వేయించాల్సిందే" అంటాడు. మూడోవాడికి లేతు పని చేసే మనిషి తెలుసు. హెడ్డు దిగుతుంది, సిలిండరు లేతుకెక్కుతుంది, ఓవర్‌సైజు పిస్టను వస్తుంది. కొత్త పిస్టనుతో మొదటి ఐదారు వందల కిలోమీటర్లు నెమ్మదిగా, మధ్యమధ్యలో ఆపుతూ నడపాలి. కానీ ట్రిప్పు ఈ శనివారమే కదా, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కగానే గుంపుతో సమానంగా లాగండి. ఏ యాభయ్యో కిలోమీటరు దగ్గరో ఇంజను బిగుసుకుపోతున్నట్టు కాలికి తెలుస్తుంది. అప్పుడు క్లచ్చు పట్టి, రేజు వదిలి, పక్కకు తీయడం పిరికివాళ్ల లక్షణం. మీరు ఇంకాస్త రేజు ఇవ్వండి.

చూశారా, సీసాడు ఆయిలుతో మొదలైన పని ఎంత దూరం తీసుకొచ్చిందో.

కారడం గురించి ఒక్క మాట. ఆయిలు కారని బుల్లెట్టుంటే అందులో ఆయిలు లేదని అర్థం, అనే జోకు మీకు ప్రతి టీ కొట్టు దగ్గరా వినిపిస్తుంది. నవ్వండి. కానీ వెంటనే కవరు విప్పి, పాత గాస్కెట్టు మీదే పేస్టు దట్టంగా పట్టించండి. బయటికి పొంగిన పేస్టు అందరికీ కనిపిస్తుంది. లోపలికి పొంగి, ఊడి, ఆయిలు పోయే సన్నదారిలో అడ్డం పడేది ఎవరికీ కనిపించదు.

అడవిలో ఆగితే అదృష్టం

బండి ఎక్కడ ఆగాలో మనం నిర్ణయించలేం గానీ, ఎంపిక ఉంటే నల్లమల మంచిది. హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దాటాక ఫోన్లు మూగబోతాయి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా పులుల అభయారణ్యంలో రాకపోకలు బంద్, కాబట్టి చీకటి పడేలోపు ఏదో ఒకటి తేల్చాలి. ఇంతకన్నా మంచి వాతావరణం గ్యాంగుకు దొరకదు.

ఇంతకుముందు చెప్పిన లక్షణమే తీసుకుందాం: గంట నడిచాక ఆగుతుంది, చల్లారాక అందుకుంటుంది. దీనికి పాత బళ్లలో ఎక్కువగా కనిపించే కారణాలు రెండే. ఒకటి, పెట్రోలు ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మట్టితో పూడిపోవడం. పెట్రోలు దిగుతున్నకొద్దీ లోపలికి గాలి రాక, కార్బొరేటరుకు ధార ఆగిపోతుంది. ఆగిన మరుక్షణం మూత తిప్పితే "ఉస్" మని గాలి లాక్కున్న చప్పుడొస్తుంది, బండి స్టార్టవుతుంది. రెండు, వేడెక్కితే చేతులెత్తేసే కండెన్సరు. ఇంజను వేడిగా ఉన్నప్పుడే ప్లగ్గు తీసి, హెడ్డుకు ఆనించి, కిక్కు కొట్టి నిప్పురవ్వ చూస్తే తెలుస్తుంది. నీలంగా, గట్టిగా కొడుతోందా, ఎర్రగా నీరసంగా ఉందా. రెండు పరీక్షలూ కలిపి ఐదు నిమిషాలు.

ఐదు నిమిషాల్లో తేలిపోతే ఇంతదూరం వచ్చిన మిత్రుల గౌరవం ఏం కాను? కాబట్టి అందరినీ ఒకేసారి పనిలోకి దింపండి. ఒకరు ప్లగ్గు మార్చాలి. ఒకరు ఉప్పుకాగితంతో పాయింట్లు రుద్దాలి. రుద్దాక ఆ పొడి తుడవకూడదు. ఇంకొకరు జేబులోంచి ఇన్సూరెన్సు ఏజెంటు విజిటింగ్ కార్డు తీసి పాయింట్ల మధ్య దూర్చి గ్యాపు పెట్టాలి. నిజానికి ఇది దారిపక్క పాత చిట్కానే, తప్పుపట్టను. గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి, సాధారణ కార్డు దానికి దగ్గరగానే వస్తుంది. అయితే మీ ఏజెంటు ఈమధ్య బాగా సంపాదించి మందపాటి కార్డు అచ్చువేయించి ఉంటే మన పంట పండినట్టే. గ్యాపు మారితే పాయింట్లు తెరుచుకునే సమయం మారుతుంది, అంటే టైమింగు ముందుకు జరుగుతుంది. ఆ సంగతి ఎవరూ గుర్తుచేయకుండా చూసుకోండి.

ఈలోగా నాలుగో మిత్రుడు కార్బొరేటరు దగ్గర గాలి స్క్రూ తిప్పుతుంటాడు. మొదట అది ఎన్ని చుట్లు తెరిచి ఉందో చూసుకోకుండా తిప్పడం ముఖ్యం. ఐదోవాడు ఏమీ ముట్టడు, కాస్త దూరంగా నిలబడి ఇథనాలు గురించి మాట్లాడతాడు.

ఇంతలో ఇరవై నిమిషాలు గడుస్తాయి, ఇంజను చల్లారుతుంది. ఒక్క కిక్కుకు స్టార్టు! చప్పట్లు. ప్లగ్గు మార్చినవాడు తన ప్లగ్గు వల్లే అనుకుంటాడు, స్క్రూ తిప్పినవాడు స్క్రూ వల్లే అనుకుంటాడు, ఎవరి నమ్మకం వాళ్లది. ఏ దేవుడు కరుణించాడో తెలియకుండా అందరికీ మొక్కు చెల్లించడం మనకు అలవాటే. గంట తర్వాత బండి మళ్లీ ఆగుతుంది. కానీ ఇప్పుడది ఒక రోగం బండి కాదు, నాలుగు రోగాల బండి. టైమింగు తప్పును పెట్రోలు పెంచి సరిచేయొచ్చు, పెట్రోలు ఎక్కువై నల్లబడ్డ ప్లగ్గును ఇంకా వేడి ప్లగ్గుతో సరిచేయొచ్చు, అలా ఎంత దూరమైనా వెళ్లొచ్చు.

మరీ అందుకోకపోతే, వెనక ఇంకో బండి మీద నుంచి మీ ఫుట్‌రెస్టు మీద కాలు పెట్టి తోయించుకోండి. ఘాట్లో, మలుపుల్లో, బస్సులు ఎదురొస్తున్నప్పుడు.

పానాలు

ఈ బండి పుట్టుకలో ఇంగ్లీషు అంగుళాలు, పెరుగుదలలో మన మిల్లీమీటర్లు ఉన్నాయి. పాత బుల్లెట్టులో ఒక బోల్టుకు ఒక లెక్క, పక్కదానికి ఇంకో లెక్క. దానికి సరిపోయే పానాలు కొని బండిలోనే పెట్టుకునేవాళ్లున్నారు, మనం వాళ్లతో తిరగం. మిత్రుడి కొత్త బండి కిట్టులోని మిల్లీమీటర్ల పానా తీసుకోండి. కాస్త వదులుగా ఉంటే మధ్యలో రూపాయి బిళ్ల పెట్టండి. బోల్టు తల గుండ్రమైపోయాక, నోరు సర్దుకునే రెంచి ఉండనే ఉంది. అదీ జారితే ఉలి, సుత్తి. తిరిగి బిగించేటప్పుడు గ్యాంగులో జిమ్ముకు వెళ్లే కుర్రాడికి అప్పగించండి. ఇంజను కవర్లు అల్యూమినియంవి కాబట్టి మర తెగేటప్పుడు పెద్ద చప్పుడు కూడా రాదు, చేతికి ఒక్కసారిగా హాయిగా అనిపిస్తుంది.

విప్పిన బోల్టులన్నీ కంకరలో, ఒకే చోట పోయండి. చివర్లో ఒకటి మిగిలితే జేబులో వేసుకోండి. ఎవరూ అడగరు.

చప్పుడు

ట్యాపెట్ల టకటక వినలేని సున్నిత మనస్కులు ప్రతి గ్యాంగులోనూ ఇద్దరైనా ఉంటారు. ఈ ఇంజనుకు ట్యాపెట్లు చల్లగా ఉన్నప్పుడే పెట్టాలి. పిస్టను కంప్రెషనులో పైన ఉన్నప్పుడు పుష్‌రాడ్డు వేళ్లతో తిప్పితే తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. అంతే సూత్రం. ఇంజను కాలిపోతున్నప్పుడు, చేతికి గుడ్డ చుట్టుకుని, చప్పుడు పూర్తిగా పోయేదాకా బిగించడం మన పద్ధతి. వాల్వులు పూర్తిగా మూసుకోవు, కంప్రెషను పోతుంది, కిక్కు పిల్లలు కూడా కొట్టగలిగేంత తేలికవుతుంది. "చూడు, ఎంత స్మూత్ అయిందో" అనాలి. కొన్నాళ్లకు ఎగ్జాస్టు వాల్వు అంచు కాలుతుంది, అప్పుడు హెడ్డు మళ్లీ దించొచ్చు.

ఒక చప్పుడు తగ్గించాం కాబట్టి ఇంకో చప్పుడు పెంచుకునే హక్కు మనకుంది. సైలెన్సర్లో లోపలి గొట్టం పీకించండి, ఎయిర్ ఫిల్టరు తీసేయండి. గాలి పెరిగిన కొలతకు కార్బొరేటరులో జెట్టు కూడా పెంచాలని మెకానిక్కు అంటే డబ్బు గుంజడానికే అని గ్రహించండి. పెట్రోలు చాలని ఇంజను వేడెక్కి, ప్లగ్గు మొన సున్నం తెలుపుకు తిరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న ప్లగ్గు లేత కాఫీ రంగులో ఉంటుందంటారు, కానీ తెలుపు శుభ్రతకు గుర్తు కదా. ఇక ఊళ్లో ట్రాఫిక్ పోలీసులు ఇలాంటి సైలెన్సర్లను పోగేసి రోడ్డు రోలరు కింద తొక్కించే కార్యక్రమం పెడుతుంటారు. మీ బండి ఫోటో పేపర్లో పడే మార్గం అదొక్కటే.

కిక్కు

పెద్దలు దీన్ని ఒక పూజగా చేసేవారు. తాళం తిప్పి, కిక్కు మెల్లగా నొక్కుతూ యామీటరు ముల్లు చూస్తారు. బిగువు తగిలిన చోట డీకంప్రెసరు నొక్కి, పిస్టనును రవ్వంత ముందుకు జరిపి, వదిలి, అప్పుడు నిండుగా ఒక్క కిక్కు. రేజు ముట్టరు. మీరు ఇవేమీ లేకుండా ఎగిరి దూకండి. అందుకోకపోతే గ్యాంగులో వరసగా అందరినీ పిలవండి, ప్రతివాడూ కిక్కుకు ముందు రెండుసార్లు రేజు తిప్పేలా చూడండి. ప్లగ్గు పెట్రోలులో తడిసి ముద్దవుతుంది. తాళం తీసేసి, రేజు పూర్తిగా తెరిచి, డీకంప్రెసరు నొక్కి నాలుగైదుసార్లు తొక్కితే లోపలి పెట్రోలు బయటికి పోతుందని ఎవరైనా అంటే వినిపించనట్టు ఉండండి. విజిటింగ్ కార్డుతో టైమింగు ముందుకు జరిగిన రోజున ఒక కిక్కు వెనక్కి తన్నుతుంది. చెప్పులు వేసుకున్నవాడి వంతు అప్పుడే రావాలని కోరుకుందాం.

సర్దుకోవడం, పడుకోబెట్టడం

క్లచ్ కేబులు, ట్యూబు, పాయింట్ల సెట్టు, కండెన్సరు, చైను లాకు, ఫ్యూజులు: ఇవన్నీ కలిపినా ఒక టిఫిను డబ్బాలో పడతాయి. ఆ చోటు బ్లూటూత్ స్పీకరుకు కేటాయించండి. "ఎవరో ఒకరు తెస్తారులే" అని పదిమందీ అనుకోవడం గ్యాంగు లక్షణం, దాన్ని చెడగొట్టకండి.

సీజను అయ్యాక, సంక్రాంతికి తిరిగొచ్చిన బండిని దసరా దాకా సగం ట్యాంకుతో అలాగే ఉంచండి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాలు. అది గాలిలోని తేమను లాక్కుంటుంది, పాతకాలపు రబ్బరు సామాన్లతో దానికి పడదు. ట్యాంకు లోపల తుప్పు, కార్బొరేటరులో జిగురు. కార్బొరేటరు గిన్నెలో పెట్రోలు వంపేసి పెట్టడానికి ఒక్క స్క్రూ విప్పితే చాలు. విప్పకండి.

ఒక మనిషితో జాగ్రత్త

ఇన్ని చేసినా మన శ్రమంతా పాడుచేయగలవాడు ప్రతి గ్యాంగులోనూ ఒకడుంటాడు. ఎక్కువ మాట్లాడడు. ఏ ఎలక్ట్రిసిటీ ఆఫీసులోనో, బ్యాంకులోనో పనిచేస్తుంటాడు. బండికి స్టిక్కర్లుండవు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నప్పుడు టార్చి పట్టుకుని నిలబడి, కాస్త సందు దొరకగానే "చివరిసారి బండిలో ఏం ముట్టారు?" అని అడుగుతాడు. చాలా ప్రమాదకరమైన ప్రశ్న. ఆ తర్వాత ట్యాంకు ఊపి చూస్తాడు, ట్యాపు తెరిచి ఉందో లేదో చూస్తాడు, నిప్పురవ్వ చూస్తాడు, వరస తప్పడు. "ఒక్కటే మార్చి చూద్దాం, పనిచేయకపోతే దాన్ని మళ్లీ యథాస్థానంలో పెట్టేద్దాం" అనడం అతని ఊతపదం.

అతన్ని టీ తేవడానికి పంపండి. పది కప్పులు చెబితే ఆలస్యమవుతుంది. పోతూ పోతూ ట్యాంకు మూత ఒకసారి వదులు చేసి పోతాడు, అది అతని అలవాటు. అదే సమయానికి కిక్కు కొడుతున్నవాడి వల్ల బండి స్టార్టవుతుంది. కిక్కు కొట్టినవాణ్ని అభినందించి, మూత గట్టిగా బిగించి, బయల్దేరండి.

అమ్మకం

ఎప్పటికో ఒకనాటికి ఇంట్లోవాళ్ల మాట వినాల్సి వస్తుంది. బండికి 15 ఏళ్లు నిండి, ఆర్.సి. పునరుద్ధరణకు ఆర్టీఏ ఆఫీసు ముందు నిలబడాల్సి రావచ్చు. తిరిగి ఐదేళ్లకు కాగితం ఇచ్చేముందు అక్కడి ఇన్‌స్పెక్టరు బండిని స్టార్టు చేసి చూపించమంటాడు. అదొక చిక్కు. అంతకన్నా గ్యాంగులోకి కొత్తగా చేరిన కుర్రాడికి అమ్మడం మేలు. అప్పటికి అతను మిమ్మల్ని "అన్నా" అని పిలుస్తుంటాడు.

ధర దగ్గర తగ్గకండి, బిల్లులన్నీ ముందు పెట్టండి. కార్బొరేటరు కొత్తది. కాయిలు కొత్తది. పాయింట్లు, కండెన్సరు, ప్లగ్గు ఏడాదిలో ఎన్నోసారో. పిస్టను, రింగులు, వాల్వులు కొత్తవి, బోరు కొత్తది, వైరింగు మొత్తం కొత్తది. కుర్రాడు ఒరిజినల్ సామాను ఏమైనా మిగిలిందా అని నిరాశగా అడిగితే, ట్యాంకు మూత చూపించండి. దాన్ని ఇంతవరకు ఎవరూ మార్చలేదు.